నాలుగు రోజుల హాజరు

“కబడ్డీ ఆడే అక్షితను జర పిలుస్తవా కొడుకా?”

సిరిసిల్లలో ఓ కాలేజీ గేటు ముందర ముసలాయన అడిగాడు. మాసిన చొక్కా, చంకలో ప్లాస్టిక్ కవరు.

టిఫిన్ డబ్బాతో నిలబడ్డ శ్రీశైలం అతన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. అక్షిత శ్రీశైలం బిడ్డే.

అసలే ఆ పొద్దు అతని మనసు మనసులో లేదు. అక్షిత యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. కానీ డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే ఆడనివ్వరట. ఆమెకు డెబ్బై రెండే ఉంది. నాలుగింటికి జట్టు పేర్లు యూనివర్సిటీకి పోతాయి. లోపల సార్లను బతిమాలుకుంటోంది.

“ఆమెతోని నీకేం పని తాతా?”

“ఓ కాయితం ఇయ్యాలె.”

“నాకియ్యి.”

“ఊహు. ఆమె చేతిలనే పెట్టాలె.”

“ఏ పోరడు పంపిండు?”

ముసలాయన బోసినోటితో నవ్వాడు. “పోరడేంది కొడుకా. నేనే రాసిన.”

శ్రీశైలం చెవులు వేడెక్కాయి.

“కోరుట్లల నాలుగు రోజులు ఆమె ఆటనే సూసుకుంట కూసున్న. ఏమన్న ఆటనా అది…” ముసలాయన ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు చెబుతున్నాడు.

ఆడపిల్ల నిక్కరేసుకుని ఊళ్ళు తిరుగుతోందని తను బట్ట నేసే సాంచాల షెడ్డులో తోటివాళ్ళు అన్న మాటలన్నీ శ్రీశైలానికి ఒక్కసారే గుర్తొచ్చాయి.

“గా పిల్ల ఈడ లేదు. జగిత్యాల కాలేజికి మారింది.”

ముసలాయన ముఖం చిన్నబోయింది. “అయ్యో. జగిత్యాలల ఏ కాలేజి?”

“నాకేమెరుక. ఆడికి పోయి అడుగు.”

అంతలోనే జగిత్యాల బస్సు వచ్చింది. శ్రీశైలమే చెయ్యెత్తి ఆపాడు. రెక్క పట్టి ఎక్కించాడు.

“సల్లగుండు కొడుకా,” అన్నాడు ముసలాయన కిటికీలోంచి.

పీడ పోయిందనుకున్నాడు శ్రీశైలం.

రెండింటికి అక్షిత ఉరికినట్టే బయటికి వచ్చింది. ఏడ్చిన కళ్ళు, కానీ ముఖంలో ఏదో ఆశ.

“బాపూ, కోరుట్లల ఆడిన నాలుగు రోజులు హాజరుల కలుపుతరట. ఆడిన్నని కోరుట్ల నుంచి కాయితం అస్తె సాలు.”

“మరి తెప్పియ్యరాదు బిడ్డా?”

“సారు ఆడికి ఫోన్ చేసిండు. ఆడ రాసినాయన కాయితం పట్టుకొని పొద్దుగాలనే బస్సెక్కిండట. ఆయనకు ఫోను లేదు. ఆఫీసుల ఇస్తె ఏడనో పడేస్తరని నా చేతికే ఇస్తనన్నడట. నువ్వు పదింటి సంది గేటు కాడనే ఉన్నవ్ గదా, ఎవలన్న అచ్చిండ్రా?”

శ్రీశైలం జగిత్యాల రోడ్డు వైపు చూశాడు. ఎండ తప్ప ఏమీ లేదు. చేతిలో డబ్బా ఇంకా అట్లాగే ఉంది.

“ఎసోంటాయన బిడ్డా?” అన్నాడు, తెలిసీ.

“పండ్లు లేని తాత, బాపూ. కబడ్డీ కోర్టు పక్కన కూసొని నా ఒక్కొక్క పాయింటు రాసినాయన.”