కూత పెట్టే మిషన్

"మూడోసారప్పా చెన్నరాయప్పా, మూడోసారి! గ్యాస్ పట్టిస్తావు, పది దినాలు చల్లగా ఉంటాది, మళ్ళా యథాప్రకారం! లోపల పెట్టిండేది కూల్‌డ్రింకులు కాదప్పా, మందులు!"

బద్రీనాథ్ మామూలుగా దగ్గినా పక్క అంగడికి వినిపించని మనిషి. అటువంటివాడి గొంతు ఈరోజు పాతపేట బజారంతా మోగింది. కృష్ణగిరిలో ఆయన మందుల అంగడికి ముప్పై ఏళ్ళ పేరు. ఈ పంతొమ్మిదివందల ఎనభై నాలుగు ఎండాకాలంలో అది ఒక్క ఫ్రిజ్ మూలంగా పోయేటట్టుంది.

ఆ ఫ్రిజ్ వెనకాల మోకాళ్ళ మీద కూర్చున్న చెన్నరాయప్ప తల ఎత్తలేదు. పొద్దున్నే వచ్చి మళ్ళీ గ్యాస్ పట్టించాడు. పైపుల వెంబడి చెవి ఆనించి గంటసేపు విన్నాడు. ఎక్కడా కారుతున్న చప్పుడు లేదు.

"లీకు లేదు సామీ. ఉంటే నా చెవికి తెలీకుండా పోతుందా? మీ వాళ్ళు మాటిమాటికీ డోరు తీస్తా ఉండారు, అదీ కత."

అన్నాడే గాని ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు. ఇరవై రెండేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద మిషన్ల పక్కన నిలబడి నేర్చుకున్న విద్య ఇది. సూదిమొనంత బొక్కలోంచి గ్యాస్ పోతున్నా చెవితో పట్టేస్తాడని పేరు. ఇప్పుడేమో ఎక్కడ చెవి పెట్టినా అంతా బాగున్నట్టే ఉంటుంది. పది రోజులు తిరక్కుండా మళ్ళీ పిలుపొస్తుంది. చేతివాసి పోయిందని లోలోపల కుమిలిపోతున్నాడు. కాలం కలిసిరాకపోతే అన్నీ అట్లాగే ఉంటాయి మరి. ఈ పొద్దు మత్తూరులో కండక్టరు విజిల్ అయినా వేయకుండా బస్సు కదిలించేశాడు. మెట్టు మీంచి జారి మోకాలు చెక్కుకుపోయింది.

కల్లావి నుంచి వచ్చిన పాపక్క ఖాళీ ఇన్సులిన్ సీసా చేతిలో పట్టుకొని అంగడి ముందర నిలబడి ఉంది.

"పోయినసారి సీసా పనే చేయలేదప్పా. మా ఇంటాయనకు సూదులు పొడిపించుకొనిందే మిగిలింది. కాలి పుండు మానలేదు."

ఆమె ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది చెన్నరాయప్పకు.

అప్పుడు దిగాడు ప్రసాదు. బద్రీనాథ్ బెంగుళూరు నుంచి పిలిపించిన మెకానిక్. వయసు ముప్పై దాటదు. తోలు పెట్టెలోంచి టార్చిలైటంత వస్తువు ఒకటి తీశాడు. దానికి పొడుగాటి వంకర ముక్కు.

"గ్యాస్ కారేది కనిపెట్టే మిషనన్నా ఇది. కారే చోటికి ఈ ముక్కు పోయిందంటే సన్నగా, గట్టిగా కూత పెడుతుంది. లేదంటే గమ్మునుంటుంది."

"ఓహో! ఇరవై రెండేళ్ళ పని ఈ డబ్బాకి తెలుసునా?"

"పని మీకే తెలుసన్నా. యాడ కారేదీ అది చూపిస్తే, అతుకు వేయాల్సింది మళ్ళా మన చెయ్యే కదా?"

వెటకారం చేసి ఉంటే చెన్నరాయప్ప సహించేవాడేమో. ఆ మర్యాద మాత్రం అతని గుండెలో గుచ్చుకుంది. ఇంత డబ్బా కొనుక్కున్న ప్రతివాడూ మెకానిక్ అయిపోతే తన చెవి దేనికి, తను దేనికి? ప్రసాదు ముందుకు వంగబోతే గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు పెడితే నువ్వు చెప్పిందే అవుతుంది. ఇట్లియ్యి, నేనే పెడతా." బద్రీనాథ్ వైపు తిరిగాడు. "సామీ, ఇది కూసిందంటే నా పనిసంచి ఈడనే పెట్టి పోతా. బతికినన్నాళ్ళు ఇంక ఫ్రిజ్ ముట్టను. కూయలేదంటే?"

"అంతంత మాటలెందుకప్పా? ఇంటికాడ నిన్ను నమ్ముకొని తినేవాళ్ళుండారు" అంది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బద్రీనాథ్ తల్లి జ్ఞానాంబ.

"ఉండమ్మా నువ్వు!" అన్నాడు బద్రీనాథ్. "కూయలేదంటే తప్పు నాదని నలుగురి ముందరా ఒప్పుకుంటా. బజారులో మావాళ్ళ అంగళ్ళ పనంతా ఇంక నీదే. సరేనా?"

ప్రసాదు మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. మిషన్‌ను చెన్నరాయప్ప చేతిలో పెట్టాడు.

చెన్నరాయప్ప ఫ్రిజ్ వెనక్కి దూరాడు. కంప్రెసర్ గుర్రుమంటోంది. దాని చుట్టూ ముక్కు తిప్పాడు. ఏమీ లేదు. గొట్టం వెంబడి జానెడు జానెడే పైకి జరిపాడు. ఏమీ లేదు. మిగిలింది మూల మీద అతుకు ఒక్కటే. పోయినసారి తను వేసిందే. లీకు ఉంటే అక్కడే ఉండాలి.

ఊపిరి బిగబట్టి ముక్కు అతుక్కి ఆనించాడు. పది లెక్కపెట్టాడు. గమ్మునే ఉంది. తొందరగా తీసేశాడన్న మాట రాకూడదని ఇంకో ఇరవై లెక్కపెట్టాడు. గమ్మునే ఉంది.

ఎన్నాళ్ళనుంచో రొమ్ము మీద కూర్చున్న బండరాయి దిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చెవి బాగుంది. తన చెయ్యి బాగుంది. పాపక్క మొగుడి పుండుకు పాపం తనది కాదు.

"చూస్తిరా సామీ! నా చెవి చెప్పిందే మీ మిషనూ చెప్పింది!" అని అరుస్తూ, ముక్కు అతుకు మీంచి తీయకుండానే మెడ తిప్పి చూశాడు.

ప్రసాదు తల దించుకొని నేలచూపులు చూస్తున్నాడు.

బద్రీనాథ్, జ్ఞానాంబ, పాపక్క, ముగ్గురూ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకొని ఉన్నారు.