తలకిందుల పిట్ట

“ఇది నకిలీదమ్మా,” అంటూ ఆయన భూతద్దం పక్కన పెట్టి కళ్ళు నులుముకున్నాడు. “వెండి వెండే. కాడ వెనక తలకిందుల పిట్ట ముద్ర కూడా అచ్చం అలాగే ఉంది. కానీ నూట యాభై ఏళ్ళ చెంచా మీద ఒక్క గీతైనా ఉండదా?”

“వాడలేదు బాబూ. దాచుకున్నాను,” అంది ఎదుటి కుర్చీలోని ముసలావిడ.

అందరూ అదే అంటారు. మ్యూజియంలో పాత వెండి సామాను పరీక్షించే ఈ కొలువులో ముప్ఫై ఏళ్ళుగా ఆయన వింటున్నది అదే మాట. రేపటితో కొలువు అయిపోతుంది. వెనక అద్దాల బీరువాలో అదే ముద్రతో పదకొండు చెంచాలు వరసగా పడుకుని ఉన్నాయి, ముందు ఒక చిన్న చీటీతో.

“ఆ చీటీలో ఏం రాశారు బాబూ?”

“చేసినవాళ్ళ పేరు తెలియదని.”

ఆ ‘తెలియదు’ కొట్టేసి ఒక పేరు రాయాలని ఆయన కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. పుస్తకం కూడా రాశాడు. పేరు దొరకలేదు గానీ, తోటి ఉద్యోగులు ఆయనకే ‘పిట్టాయన’ అని పేరు పెట్టేశారు. చీటీని అలాగే వదిలేసి ఇంటికి పోవాల్సి వస్తోందన్నదే ఇప్పుడు ఆయన దిగులంతా.

“పిట్టని తలకిందులుగా ఎందుకు కొట్టారంటారు?”

ఓపిక లేకపోయినా పాత పిట్టకథ నోట వచ్చేసింది. “గురువు పోయిన దుఃఖంలో శిష్యుడు ముద్ర తిరగేసి కొట్టాడు. దాని గురించే నలభై పేజీలు రాశాను.”

“నలభై పేజీలే.” ఆవిడ బీరువాలోని చెంచాల వైపు చూసింది. “ఒకరు చెంచా పట్టుకుంటే, ఇంకొకరు ఎదురుగా కూర్చుని ముద్ర కొట్టారేమో బాబూ.”

తాతకు దగ్గులు నేర్పుతోంది అనుకున్నాడు. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

“అంత తేలికైతే నాకు ముప్ఫై ఏళ్ళెందుకమ్మా?”

“అదీ నిజమే.” వంకరపోయిన వేళ్ళతో చెంచాని ఆయన వైపు జరిపింది. “ఉంచుకోండి. వాటి పక్కన పెడితే డజను అవుతుంది. నా తర్వాత దీన్ని చూసుకునేవాళ్ళు లేరు.”

“నకిలీవి బీరువాలో పెట్టకూడదు. స్టోరు గదిలో పడేస్తాను, అంతే.”

“పడేయండి. ఒకే కప్పు కింద ఉంటాయిగా.”

ఉసూరుమంటూ తన ముందున్న రిజిస్టరు తెరిచాడు. ఆవిడ వైపు తిప్పి పెట్టే ఓపిక లేక, తనకేసి ఉన్నది ఉన్నట్టే ముందుకు తోశాడు. “ఇచ్చినవాళ్ళు పేరు రాయాలి.”

“నాకు రాయడం రాదు బాబూ.”

“గీతో గుర్తో, మీకు వచ్చింది ఏదో ఒకటి పెట్టండి.”

ఇంతలో ఫోను మోగింది. రేపటి వీడ్కోలు సభకి ఎన్ని కుర్చీలు వేయాలని అడుగుతున్నారు. గోడ వైపు తిరిగి, ఇరవై చాలన్నాడు, అవే ఎక్కువన్నాడు. ఇటు తిరిగేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు ఆగి ఆగి దిగిపోతోంది.

రిజిస్టరు మూసేద్దామని దగ్గరికి లాక్కున్నాడు.

పేరు రాయాల్సిన గడిలో, ఆయనకేసి చూస్తూ, ఒక పిట్ట తలకిందులుగా వేలాడుతోంది.