ఆగిన బండి

"సిగ్నలియ్యరా సునీలూ! బండి సొరంగం కాడ ఆగిపోనాది," అని బనీనుతో కూర్చున్న కూర్మారావు కేకేశాడు.

కిరండూల్ ఊళ్లో అతని ఇంట్లో భోజనాల బల్ల నిండా బొమ్మ రైలుమార్గమే. ఇద్దరూ రిటైరైనా పద్ధతి మారలేదు. డ్రైవరుగా చేసిన కూర్మారావు బండి నడపాలి, స్టేషన్ మాస్టరుగా చేసిన సునీల్‌కుమార్ సిగ్నల్ ఇవ్వాలి. బొమ్మబండయినా సరే, కూర్మారావు ఎర్రదీపం దాటించడు.

సునీల్‌కుమార్ వేలు స్విచ్చి మీదే బిగుసుకుపోయింది.

"ఏటిరా, ఇంజనుకి కొత్త రంగేసినాను, ఎలాగుందో సెప్పవేటి? పోనీ, మీ అమ్మాయి సంతోషి ఎలాగుంది?"

"దాని సంగతే సెప్దామని వచ్చినాన్రా. మీ అబ్బాయి జగదీష్‌నే పెళ్లి చేసుకుంటాదంట. మేం సూస్తే చర్చికెళ్లేవోళ్లం. నీతో అనడానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు."

వంటింట్లో కూర్మారావు భార్య ఎర్రమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

కూర్మారావు వంటింటి వైపు చూశాడు. తర్వాత లేచి, లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండుననిపించింది సునీల్‌కుమార్‌కి. ఇన్నేళ్ల స్నేహం ఈ పూటతో సరి. బల్ల మీద బండిని అలాగే వదిలేసి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. కూర్మారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తిన్నగా తన కుర్చీలో కూర్చున్నాడు.

"బండి నిలబడిపోనాది," అన్నాడు. "వచ్చి సిగ్నలియ్యండి, బావగారూ."