ఈసారి పడుగు లేదు

“చంపినవాడి పేరు లేకపోతే ఆ అధ్యాయమే వద్దు” అని చరిత్ర బృందం తరఫున జైపాల్ సారు ఫోన్‌లో తేల్చేశాడు.

జగిత్యాల పిల్ల జేబా ఫోన్ పెట్టేసి మళ్లీ నేతగాళ్ల వాడలోకి నడిచింది. సిరిసిల్ల పట్నం చరిత్ర రాయడానికి పూనుకున్న బృందంలో నేతగాళ్ల సమ్మె ఆమె వంతు. ఆ బృందం గురించి కూడా ఓ మాట చెప్పుకోవాలి. అందరూ ఒప్పుకుంటే తప్ప వాక్యం చివర చుక్క పడదు. చాయ్‌లో చక్కెర ఎంతన్నదీ చర్చించే తాగుతారు.

చంపడం మాత్రం వాడంతా చూసింది. నలభై ఏళ్ల కింద, పట్టపగలు, సమ్మె పెద్ద లింగన్నను ఈ వాడ నడుమనే ఒకడు కట్టెతో కొట్టి చంపాడు. ముఖానికి తువ్వాల. ఎవడంటే ఎవరూ చెప్పరు. ఎట్లా ఉన్నాడంటే పోటీలు పడి చెప్పారు. హంతకుడు ఇంటింటికీ జానెడు చొప్పున పెరిగాడు. ఆఖరి ఇంటికొచ్చేసరికి వాడి తల కరెంటు తీగలకు తగులుతోంది.

“మరి పట్టుకోలేదా అవ్వా?” అని లింగన్న భార్య కొమురమ్మను అడిగింది జేబా.

“ఎట్ల పడుతం బిడ్డా? వాడ పొడుగునా పడుగు దారాలు గుంజి గంజి పెడుతున్రు. గాడు దారాలు తెంపుకుంట ఉరికిండు. మావోళ్లు గక్కడనే ఆగిపోయిన్రు. నేసేటోని కాలు పడుగు మీద పడుతదా?”

జేబాకు ఉపాయం తోచింది. జరిగింది జరిగినట్టు వాడలోనే ఆడి చూపిస్తే, ఎవరో ఒకరి నోట్లోంచి పేరు జారదా? బృందం చర్చించి చర్చించి ఒప్పుకుంది.

లింగన్నకు బదులు గుడ్డపీలికలు కుక్కిన బొమ్మ. బృందంలోని ఆదిల్ కెమెరా పట్టాడు. చంపేవాడి వేషానికే ఎవరూ ముందుకు రాలేదు.

“మాకు చేతులు రావు. రాజలింగాన్ని అడుగు. బయటోడు, ఆయనకేంది?” అంది కొమురమ్మ.

రాజలింగం కోరుట్ల మనిషి. బొంబాయి పక్క భివండీ మరమగ్గాల దగ్గరే ముసలివాడై, మగ్గం చప్పుడు లేనిదే నిద్రపట్టదని పోయినేడు ఈ వాడలో కిరాయికి దిగాడు. పిట్టంత ప్రాణం.

“నాకెందుకు తల్లీ గీ ఆటలు?” అని నసిగాడు. వాడంతా తననే చూస్తుంటే, తువ్వాల కట్టుకున్నాడు.

“పడుగుకు బదులు తాళ్లు కడదామా అవ్వా?”

“వద్దు బిడ్డా. ముసలోడు, కాలు తట్టుకొని పడుతడు.”

“తల మీద ఒక్కటి కొట్టు తాతా, చాలు” అంది జేబా.

రాజలింగం ముందు మోకాలి మీద కొట్టాడు. బొమ్మ ఒరగ్గానే కట్టె తిప్పి పట్టి కణత మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పీలికలు బయటికొచ్చాయి. ఇంత బాగా చేస్తాడని జేబా అనుకోలేదు.

“ఇంక పారిపో తాతా!”

రాజలింగం ఉరికాడు. వాడ వెంటపడింది. అడ్డం ఏమీ లేదు.

మొదటి రాయి వీపున తగిలింది. రెండోది తలకు. కట్టెలు లేచాయి. మోకాలు ఫట్టుమంది. తువ్వాల ఎర్రగా తడిసింది.

“ఆగండి! ఆ రోజు దొరకలేదు గదా!” అని జేబా గొంతు చించుకుంది. కెమెరా పారేసి అడ్డంపోయిన ఆదిల్‌కు చెంప పగిలింది.

రాజలింగం కదలడం మానేశాక గానీ ఎవరూ పక్కకు జరగలేదు.

“వేషం కట్టినందుకు మనిషిని చంపుతారా!” జేబా భోరుమంది.

కొమురమ్మ చేతిలోని కట్టె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. వచ్చి జేబా తల నిమిరింది.

“పేరు గావాలంటివి గద బిడ్డా, ఆనాటోనిది. రాసుకో... రాజలింగం.”