నోళ్లు తెరిచిన చేపలు

"చూశావా, నేను రాగానే ఎలా పైకొచ్చాయో! ఆకలి, పాపం."

మా ఆయన పెరట్లోని మోకాలిలోతు కొలనులోకి మరో గుప్పెడు రొట్టెముక్కలు విసిరారు. అప్పుడే తెల్లవారింది, ఆకాశం మబ్బుగా ఉంది. చేపలన్నీ నీటిపైకి మూతులు పెట్టి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"ఆకలి కాదండీ, నీళ్లలో గాలి చాలక. మీరు వేసిందే అడుగున కుళ్లి, ఉన్న కాస్త గాలినీ తినేస్తోంది. ఇంకేమీ వెయ్యకండి. కొత్త నీళ్లు పెడతాను."

"వచ్చిందమ్మా, నీళ్ల డాక్టరమ్మ! నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం మాన్పించినా నీకా పిచ్చి వదల్లేదు. నోరు తెరిచి అడుగుతుంటే పెట్టకుండా ఉండటానికి, నేనేం పిల్లికి బిచ్చం పెట్టనివాణ్నా?"

కుళాయి వైపు వెళ్తున్న నన్ను చెయ్యి పట్టి ఆపారు.

మర్నాడు పొద్దున చేపలన్నీ తెల్లటి పొట్టలతో తేలాయి. ఆయన నిజంగానే ఏడ్చారు.

"కడుపునిండా పెట్టానే! వాటికేం లోటు చేశాను?"

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, మళ్లీ ఉద్యోగానికి వెళ్తానని చెప్పడానికి ధైర్యం తెచ్చుకుని నోరు తెరిచాను.

"ఆకలేస్తోందా?" అంటూ ఆయన ఎంతో ప్రేమగా నా కంచంలో ఇంకో గరిటె వడ్డించారు.