మూడుకాళ్ళ గొట్టం

పాలాయన కోపమంతా గొట్టంగాడి మీదే.

ఊరివైపు రోడ్డు వస్తుందని పుకారు పుట్టిన వారానికే వాడు దిగాడు. భుజాన మూడుకాళ్ళ గొట్టం, చేతిలో నోటుపుస్తకం, చంకలో పుల్లల కట్ట. వసంతం వచ్చి, పాలాయన ఆవుల మేతకని పెంచిన గడ్డి మోకాలెత్తు లేచింది. తెల్లారేసరికి గొట్టంగాడు అందులో ప్రత్యక్షం.

"ఎవరినడిగి దిగావయ్యా?"

"మెల్లగా మాట్లాడండి. పిట్టల్ని చూస్తున్నా."

"పిట్టలకి పుల్లలెందుకు?"

"గూడున్న చోట గుర్తండీ. తీతువులు నేలమీదే గుడ్లు పెడతాయి."

"నా చెవిలో పువ్వు కనబడుతోందా?"

గొట్టంగాడు ముందుకు నడిచాడు. పాలాయన వెంటపడ్డాడు. గడ్డి అయిపోయి చిత్తడి వచ్చింది. పాలాయన ఎడమ చెప్పుని బురద మింగేసింది.

"రోడ్డు సర్వేకి వచ్చానని ఒప్పుకో!"

"మీరు అరిచినప్పుడల్లా పిట్టలు లేచిపోతున్నాయి. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి."

"లెక్క! చూశావా, నోరు జారావ్!"

అతను విసుగు దిగమింగి గొట్టం ఇటు తిప్పాడు. "ఒక్కసారి చూడండి."

"చూడను. చూస్తే ఒప్పుకున్నానని రాసుకుంటావ్."

"ఇదంతా మీ మంచికేనండీ."

"నేల లాక్కునే ప్రతివాడూ అనే మాటే అది!"

ఇంటికొచ్చాక భార్య అంది, "నిజంగానే పిట్టల్ని చూస్తున్నాడేమోనండీ."

"పిట్టల కోసం ఎవడైనా బురదలో దిగుతాడటే?"

గొట్టంగాడు వెళ్ళిపోయిన మర్నాడే పాలాయన పుల్లలన్నీ పీకేశాడు. పంతొమ్మిది. పొయ్యిలో పెట్టాడు. అప్పటికీ కసి తీరక, కోతకి నెల ముందే గడ్డంతా మొదలంటా కోయించేశాడు.

పదిహేను రోజులకి రోడ్ల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"రోడ్డు మీ గడ్డినేల మీదుగానే వెళ్తోంది," అన్నాడు గుమాస్తా.

"నాకు తెలుసు! ఆ గొట్టంగాడు కొలుచుకుపోయినప్పుడే అనుకున్నా!"

గుమాస్తా కళ్ళజోడు తీశాడు.

"కొలతలు పోయినేడాదే అయిపోయాయండీ. గూళ్ళు పదిహేను దాటితే రోడ్డు పక్కకి మళ్ళించాలని రూలుంది. పంతొమ్మిదున్నాయని ఆయన రాసిచ్చాడు. మావాళ్ళు చూడ్డానికొస్తే పుల్లా లేదు, గూడూ లేదు, గడ్డే లేదు."

"అయితే నిజంగా పిట్టల కోసమేనా?" అన్నాడు పాలాయన.

"ఆ నేల జోలికి పోవద్దని అర్జీ పెట్టిన మనిషి ఆయనొక్కడేనండీ," అంటూ గుమాస్తా కాగితం ముందుకు తోసి వేలితో చూపించాడు, "ఇదిగో, మీది పోయేది రెండెకరాల పద్నాలుగు సెంట్లు, ఇక్కడ సంతకం పెట్టండి."