దానయ్య సీటు

తుపాను వస్తుందంటే చాలు, జనాన్ని తరలించే డ్రైవరు లేని బస్సు బెస్తవీధిలో ఆగి జాబితా చదువుతుంది. పేరున్న ప్రతి మనిషికీ సీటు ఉంచాలి, రాకపోతే పావుగంట ఆగాలి, వేరేచోట క్షేమంగా ఉన్నారని ఇంటివాళ్లు చెబితే తప్ప. అది చట్టం.

“మైలపల్లి దానయ్యగారూ, బస్సెక్కండి.”

వేటకెళ్లిన దానయ్య తిరిగిరాక మూడేళ్లయింది. అయినా జాబితాలో మొగుడి పేరు కొట్టేయనివ్వలేదు చినతల్లి. ఏటా ఆ పిలుపు వినాలని ఆమె ఆశ. ఊరంతా ఎరిగిందే, ఎవరూ తొందరపెట్టరు.

ఈసారి గాలికి రేకులు అప్పుడే లేచిపోతున్నాయి. పురిటికని పుట్టింటికొచ్చిన పక్కింటి నూకాలుకి జాబితాలో పేరు లేదు. చంటిదాన్ని ఎత్తుకుని బస్సులో నిలబడే ఉంది.

“దానయ్యగారు వేరేచోటికి క్షేమంగా చేరారా?” బస్సు అడిగింది.

చినతల్లి పక్కసీటు మీంచి చెయ్యి తీసింది.

“చేరిపోయాడు. ఇంక పోనీ బాబూ,” అంది. “నూకాలూ, ఇలా కూకోవే.”